రామయ్యగారి ట్రాక్టర్, మా కొట్టంలో ఎలుకలు

మా అమ్మాయి కవిత కాలు బెణికి రెండు నెలల పాటు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంది. ఆ రెండు నెలలూ ఆమె కారు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గుడ్డ కప్పుకొని కదలకుండా ఉండిపోయింది. కాలు నయమయ్యాక ఒక పొద్దున తయారై కిందికి దిగింది. వెంటనే మళ్లీ పైకి వచ్చింది. కారు స్టార్ట్ కాలేదట. మెకానిక్‌ను పిలిచారు. ఊరికే చూద్దామని నేనూ కిందికి వెళ్లాను. అతను బానెట్ ఎత్తగానే ఒక వాసన వచ్చింది. ఎలుకల ఉచ్చ, నమిలిన రబ్బరు, పాత నూనె కలిసిన వాసన. ఇంజన్ పక్కన దూది, చిప్స్ కవర్ల ముక్కలు, ఎవరిదో చేతిరుమాలు పీలికలు కలిపి కట్టిన గూడు ఉంది. వైర్ల మీది తొడుగు చాకుతో చెక్కినట్టు పోయింది. "ఈ ఏరియాల అన్ని బండ్లకు ఇదే పరేషాన్ మేడం," అన్నాడు మెకానిక్. "చెత్తడబ్బాలు ఈడనే పెడ్తరు. అవి రాక ఏం జేస్తయి?" కవిత అప్పటికే ఫోన్లో ఎలుకల స్ప్రే కోసం వెతుకుతోంది. నాకు మాత్రం ఆ వాసనతో మా కొట్టం గుర్తుకొచ్చింది. కొట్టంలో ఎర్ర ట్రాక్టర్, దాని చుట్టూ చీపురు పట్టుకొని తిరిగే మా నాయన గుర్తుకొచ్చారు. మేము ఇప్పుడుంటున్న ఈ అపార్ట్‌మెంట్‌కు నాలుగడుగుల దూరంలో జరిగిన సంగతి అది. కవితకు ఎన్నడూ చెప్పలేదు. దాచాలని కాదు, సందర్భం రాలేదు.

అప్పటి పుప్పాలగూడలో మా ఇల్లు ఊరి చివర, పెద్ద రాతిగుండ్లు మొదలయ్యే చోట ఉండేది. ఇంటి వెనక జొన్నలు, కందులు వేసే చెల్క, బావి కింద కాస్త వరి పండే మడి, ఇంతే మా ఆస్తి. ఇంటికీ చెల్కకూ నడుమ మట్టిగోడల మీద గూనపెంకులు కప్పిన పొడుగాటి కొట్టం. అందులో ఒక చివర ఎద్దులు, మధ్యలో నాగళ్లు, గుంటకలు, మోకులు, రెండో చివర గడ్డి, జొన్న బస్తాలు. పొద్దున లేచి కొట్టం తలుపు తీస్తే పేడ, గడ్డి, జొన్నపిండి కలిసిన వెచ్చటి వాసన ముఖానికి కొట్టేది. మా నాయన పేరు నర్సింహ. మాట తక్కువ మనిషి. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరి దగ్గరైనా గడ్డపార అడిగి తెచ్చుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని కడిగి, తుడిచి, కాస్త నూనె రాసి ఇచ్చేవాడు. చాట తెస్తే కొత్తగా పేడ అలికించి పంపేవాడు. అమ్మకు ఇది గిట్టేది కాదు. "తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టు ఇస్తే సాలదా? ఊరందరి చాటలు మనమే అలకాల్నా?" అనేది. అంటూనే అలికేది. అమ్మ, సత్తెమ్మ, ప్రతి పనీ తిట్టుకుంటూ చేసేది గాని, చేయకుండా వదిలిన పని నాకు గుర్తులేదు.

రామయ్యగారూ ఆయన భార్య భ్రమరాంబగారూ తెనాలి వైపు నుంచి వచ్చారు. మా చెల్క పక్క భూమిని కౌలుకు తీసుకొని ద్రాక్షతోట వేశారు. రాతి కడీలు వరుసగా పాతి, వాటి మీద ఇనుప తీగలు అల్లి పందిరి కట్టించారు. మందు కొట్టే పంపు, దానికి బారెడు బారెడు రబ్బరు పైపులు, నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్, అన్నిటికీ మించి ఒక ఎర్ర ట్రాక్టర్, వాళ్లతో వచ్చాయి. మా పక్క పొలాల్లో అంతకు ముందు ట్రాక్టర్ లేదు. రామయ్యగారు దాన్ని రోజూ సాయంత్రం పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవారు. భ్రమరాంబగారు మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. ఇద్దరి తెలుగూ ఇద్దరికీ సగమే అర్థమయ్యేది, ఆ అర్థం కాని సగానికి నవ్వుకునేవాళ్లు. నాయనను ఆమె అన్నయ్యగారూ అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. "అత్తయ్యా అనాలమ్మా," అని నేర్పేది. నేను అత్తమ్మా అనే పిలిచేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. తోటలో మొదటి కాపు గంప మా ఇంటికే వచ్చింది. అంత పెద్ద, అంత పచ్చటి ద్రాక్షపండ్లను నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత సిటీలో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలిసేది కాదు. మా ఊళ్లో ఏమీ జరగలేదు గాని మనుషుల మాటలు మారాయి. మా కాక యాదగిరి, అంటే నాయన తమ్ముడు, సిటీలో చదువుకుంటూ జులూసుల్లో నినాదాలిస్తూ తిరిగి గొంతు పోగొట్టుకొని ఇంటికి వచ్చాడు. మన కొలువులు మనకు కావాలనేవాడు. నాయన అది తప్పని ఎప్పుడూ అనలేదు. ఒకరోజు రామయ్యగారు సిటీలో పండ్లు దించి వస్తుంటే దారిలో ఎవరో ట్రాక్టర్‌ను ఆపి, ముందు దీపం పగలగొట్టి, తిట్టి పంపారు. ఆయనకు దెబ్బ తగల్లేదు. అయినా ఆ రోజు నుంచి భ్రమరాంబగారు మా ఇంటికి రావడం మానేసింది. తోట గుడిసెలో తలుపు వేసుకొని కూర్చునేది. వారం తిరక్కముందే వాళ్లు ఊరికి పోవడానికి సిద్ధమయ్యారు.

రామయ్యగారు ట్రాక్టర్‌ను తానే నడుపుకుంటూ మా కొట్టం ముందుకు తెచ్చారు. నాయన ఎద్దులను విప్పి బయట కట్టేశాడు. ట్రాక్టర్, దాని నాగలి, ఆయిల్ ఇంజన్, మందు పంపు, పైపుల చుట్టలు, పానాల పెట్టె, అన్నీ లోపలికి చేరాయి. "రెండు మూడు నెలలేనండీ నర్సింహగారూ," అన్నారు రామయ్యగారు. "కొంచెం సద్దుమణగ్గానే వచ్చేస్తాం. మీకు శ్రమ ఇస్తున్నాం."

"మా కొట్టంల ఉన్నంతసేపు మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు నాయన.

భ్రమరాంబగారు అమ్మ చేయి పట్టుకొని ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. వాళ్లు కనుమరుగయ్యాక కళ్లు తుడుచుకుంటూనే, "మన ఎద్దులు వానల తడవాలె, వాళ్ల బండి నీడకు ఉండాలె," అంది. నాయన ఆ సాయంత్రమే ఎద్దులకు ఈతాకులతో చిన్న పాక వేయడం మొదలుపెట్టాడు.

రెండు మూడు నెలలు గడిచి వానాకాలం నడుస్తోంది. వాళ్లు రాలేదు. చెల్క తడిసి కలుగుల్లోకి నీళ్లు చేరడంతో ఎలుకలన్నీ పొడి చోటు వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చాయి. మేము గమనించలేదు. కొట్టంలో ఎలుకలు ఎప్పుడూ ఉండేవే, గడ్డిలో గలగలలాడేవే. ఒకరోజు కాక ట్రాక్టర్ ఎక్కి కూర్చుందామని సరదాపడి సీటు మీది గోనెపట్టా లాగాడు. సీటు మెత్త లోపలి పీచంతా బయటికి పీకేసి ఉంది, దాని నడుమ ఎర్రటి పిల్లలు. నాయనను పిలిచాడు. నాయన కూర్చొని ఒక్కొక్కటే చూశాడు. దీపాల వైర్లు కొరికి ఉన్నాయి. ఇంజన్‌కు గాలి పీల్చే గొట్టంలో జొన్న పొట్టు, గడ్డి కుక్కి ఉన్నాయి. మందు పంపు పైపు విప్పి చూస్తే చుట్ట చుట్టకూ చిల్లి. నాయన చాలాసేపు ఆ పైపు ముక్కను చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. ఆయన ముఖం ఎట్లా ఉందంటే, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని చెబితే ఉన్నట్టు ఉంది.

"ఎలుకలు కొడితే మన తప్పేంది అన్నా?" అన్నాడు కాక. "మనం కొరకలేదు గద."

"మన కొట్టంల ఎలుకలు," అన్నాడు నాయన.

ఆ రోజు నుంచి ఎలుకలతో మా ఇంటికి పోరు మొదలైంది. మొదట వేపాకు పొగ వేశారు. పొగకు మేమే దగ్గి బయటికి వచ్చాము, అవి పెంకుల సందుల్లో కూర్చొని పొగ పోయాక దిగాయి. నాయన ఎలుకల బోను తెచ్చి రొట్టెముక్క పెట్టాడు. పిల్ల ఎలుకలు పడేవి, ముదురువి పడేవి కావు. అమ్మ తన పుట్టింటి నుంచి ఒక పిల్లిని తెచ్చింది. అది చక్కగా వేటాడేది. ఆకలి తీరాక ట్రాక్టర్ బానెట్ మీద పడుకునేది. ఇంతలో కాక మంచి చేద్దామనుకొని సిటీ నుంచి మందు తెచ్చి ఉండలు చేసి మూలల్లో పెట్టాడు. మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నది. రెండు రోజులు విలవిలలాడి పోయింది. చచ్చిన ఎలుకలు కొన్ని ఇంజన్ కింద చేరి కుళ్లి, వాసనకు కొట్టంలోకి ఎవరూ పోలేకపోయారు. నాయన చేతికి గుడ్డ చుట్టుకొని ఒక్కొక్కటే బయటికి తీశాడు. కాకతో "ఇగ మందు వద్దు," అన్నాడంతే. పిల్లి కోసం అమ్మ నాలుగు రోజులు అన్నం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

కడకు దారి చూపింది అమ్మే, అదీ కోపంలో. ఒక మధ్యాహ్నం నాయన కొట్టంలో కలుగులకు మట్టి పెడుతుంటే గుమ్మంలో నిలబడి అంది: "ఎన్ని బొక్కలు పూడ్తవు? ఎలుక ట్రాక్టర్ తినెతందుకు రాలే. జొన్నల కోసం వచ్చింది. జొన్నలు తిని, నోట్లె పండ్లు అరగదీసుకునెతందుకు ఏది దొరికితే అది కొరుకుతది. బువ్వ ఆడనే పెట్టి, అది రావద్దంటే ఎట్ల?"

నాయన చేయి ఆపి ఆమె వైపు చూశాడు. మరునాడే జొన్న బస్తాలన్నీ మోసుకొచ్చి ఇంటి నడిమి గదిలో పెట్టాడు. గడ్డివాము కొట్టానికి దూరంగా, బండ మీద వేశాడు. అమ్మ తన మాటే తన నెత్తిన పడిందని గొణిగింది. నడిమి గది మేము పడుకునే గది. బస్తాలు వచ్చాక మేము పక్కనున్న చిన్న అర్రలో ఇరుక్కొని పడుకున్నాము, ఎండాకాలమంతా బయట అరుగు మీద. బస్తాల వెంట ఎలుకలు ఇంట్లోకి రాకుండా అమ్మ వెదురు గుమ్మి అల్లించి, లోపలా బయటా పేడమట్టితో మెత్తించి, రాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టి, మీద మూత పెట్టి అలికేసింది. గింజ కావాలంటే కింది రంధ్రానికి పెట్టిన గుడ్డ తీసి పట్టుకోవాలి.

తిండి లేని కొట్టంలో పని సులువైంది. నాయన కలుగుల్లో గాజుపెంకులు దంచి పోసి పైన సున్నం, మట్టి కలిపి మెత్తాడు. తలుపు కింది సందుకు నూనెడబ్బా రేకు కొట్టాడు. ట్రాక్టర్ పొగగొట్టం మీద బోర్లించిన చెంబు, గాలి గొట్టానికి సన్న ఇనుపజాలి. చిల్లులు పడిన పైపును కోసి పారేసి, మిగిలిన మంచి ముక్కలను దూలానికి ఇనుప తీగతో వేలాడదీశాడు. ఆ తీగ వెంబడి ఎలుక దిగకుండా మధ్యలో గుండ్రటి రేకు బిళ్ల గుచ్చాడు. సీటును విప్పి ఎండలో పెట్టి, కొత్త పీచు పెట్టి కుట్టించి, దాన్నీ వేలాడదీశాడు. కాక బ్యాటరీ విప్పుకొని సైకిల్ మీద లంగర్‌హౌజ్ తీసుకుపోయి ఛార్జింగ్ పెట్టించి తెచ్చేవాడు. వారానికొకసారి, ఊళ్లో అంగడి నాడు, ట్రాక్టర్‌ను స్టార్ట్ చేసి కాసేపు అట్లే ఉంచేవాడు. ఆ చప్పుడుకు, ఆ అదురుకు, కొత్తగా చేరిన ఎలుక కూడా లేచి పోయేది. తర్వాత ఒక జెర్రిపోతు గోడ సందులో నివాసం పెట్టింది. అమ్మ దాన్ని చూసి కొట్టం గడప తొక్కనంది. "అది ఏం జెయ్యదు, దాని పని అది చేసుకుంటది," అన్నాడు నాయన. ఆ తర్వాత నేను కొట్టంలోకి పోయేటప్పుడు చప్పట్లు కొట్టి పోయేదాన్ని. అది తీరికగా తోక లాక్కొని పోయేది.

ఒకరోజు మధ్యాహ్నం పక్క ఊరి నుంచి కొందరు యువకులు వచ్చారు. కాకతో జులూసుల్లో నడిచినవాళ్లే. ఆంధ్రోళ్ల ట్రాక్టర్ మా దగ్గర ఉందట కదా, తోలుకుపోతామన్నారు. నాయన కొట్టం తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. కాక అన్నం తింటూ ఉన్నవాడు ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చాడు. మాకు భయమేసింది. కాక ఎటు మాట్లాడతాడో అమ్మకు కూడా తెలియదు.

"మీతోని నడిచిన, మళ్ల నడుస్త," అన్నాడు కాక. "జులూస్ వేరే, ఇది వేరే. ఇది మా అన్న మాట ఇచ్చి పెట్టుకున్నది. దీని జోలికి వస్తే మా ఇంటి జోలికి వచ్చినట్టే."

వాళ్లు కాసేపు అటూ ఇటూ చూశారు. ఎండగా ఉంది. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి పోయారు. కాక లోపలికి వచ్చి మిగిలిన అన్నం తిన్నాడు.

గొడవలు సద్దుమణిగాయి. వాళ్లు రాలేదు. ద్రాక్షతోట నీళ్లు లేక ఎండింది. కడీలు, తీగలు మాత్రం అట్లే ఉన్నాయి. నాయన రోజూ ఒకసారి అటు నడిచి చూసి వచ్చేవాడు. రామయ్యగారి ఊరు ఏదో సరిగా ఎవరికీ తెలియదు, తెనాలి పక్కన అనే తెలుసు. ఆ తర్వాత వానలు కూడా ముఖం చాటేశాయి. ఒక ఏడు పోయింది, రెండో ఏడూ పోయింది. బావి అడుగు కనిపించింది. ఆ ఎండాకాలం మా ఎద్దుల్లో ఒకటి మేత లేక చిక్కి, పడిపోయి, మళ్లీ లేవలేదు. తొలకరి ఒక్క వాన పడింది. ఊళ్లో అందరూ నాగళ్లు కట్టారు. మాకు ఒంటి ఎద్దు మిగిలింది. కొట్టంలో ట్రాక్టర్ ఉంది, దాన్ని నడపడం కాకకు వచ్చు.

"దున్నుకుంటే అరిగిపోతదా?" అంది అమ్మ. "భ్రమరాంబ ఉంటే ఆమెనే తోలుకొమ్మనేది."

"మనది కాదు," అన్నాడు నాయన.

"మనది కాదని నాకు తెల్వదా? తడి ఆరిపోతున్నది."

"అన్నా, ఒక్క పూట," అన్నాడు కాక.

నాయన తల అడ్డంగా ఊపి, కండువా భుజాన వేసుకొని, జోడు ఎద్దు కోసం ఇంటింటికీ తిరిగాడు. తమ పని అయ్యాకగాని ఎవరిస్తారు? ఒకరు ఇచ్చేసరికి చెల్క ఆరి గట్టిపడింది. చల్లిన గింజ సగం మొలవలేదు. ఆ ఏడు అమ్మా నేనూ కరువు పనికి పోయాము, రోడ్డుకు కంకర కొట్టే పని. నేను బడి మానేశాను. చేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, గట్టిపడ్డాయి. అమ్మ తన చేతులు చూసుకునేది కాదు, నా చేతులు చూసేది. అప్పటి నుంచి ఆమె నాయనతో నేరుగా మాట్లాడటం మానేసింది. "అన్నం పెట్టిన్నని మీ నాయనకు చెప్పు," అనేది ఆయన ఎదురుగానే. నాయన తినేవాడు. అంగడి నాడు మాత్రం కొట్టంలో ట్రాక్టర్ చప్పుడు వినబడేది. అమ్మ ఆ చప్పుడు వింటూ పొయ్యి ముందు కదలకుండా కూర్చునేది. నాకూ కోపం వచ్చేది. ఎలుకలు కొరికినా బాగుండు అనుకున్నాను ఒకటి రెండుసార్లు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. నేను నాకన్నా చిన్నవాళ్లతో కలిసి వెనక బల్లలో కూర్చొని మళ్లీ బడి మొదలుపెట్టాను. వరి కోతలయ్యాక, ఎండలు ముదరకముందు, ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు గుండ్ల పక్క బాట మీద నడిచి వస్తూ కనిపించారు. ముందు ఎవరో గుర్తు పట్టలేదు. దగ్గరికి వచ్చాక భ్రమరాంబగారు. నుదుట బొట్టు లేదు. వెంట ఆమె తమ్ముడు. అమ్మ చేతిలో పని వదిలేసి ఎదురు పోయి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ బాట మీదే కూర్చున్నారు. రామయ్యగారికి పోయిన ఏడాదే గుండె నొప్పి వచ్చి, గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయేలోపు పోయారట. అంతకు ముందు రెండుసార్లు బయలుదేరాలనుకున్నారట, మళ్లీ ఏవో గొడవలని వెనకాడారట.

"ఏమీ మిగిలి ఉండదని తెలుసు వదినా," అంది ఆమె. "ఎలుకలు, తుప్పు, అన్నేళ్లు. ఆయనా అదే అనేవారు. ఇనుము తూకానికైనా పోతుందేమో చూసి వద్దామని తమ్ముడు అంటే వచ్చాను. మిమ్మల్ని చూసినట్టూ ఉంటుందని."

నాయన కొట్టం వైపు నడిచాడు. మేమందరం వెనకే పోయాము. తలుపు తీశాడు. ఊడ్చిన నేల, సున్నం గోడలు, మధ్యలో ఎర్రగా ట్రాక్టర్. దూలం నుంచి సీటు దింపి బిగించాడు. కాక బ్యాటరీ తగిలించి తాళంచెవి తిప్పాడు. కాస్త దగ్గి, స్టార్ట్ అయింది. భ్రమరాంబగారు గోడకు ఆనుకొని అట్లే చూస్తూ నిలబడింది. తర్వాత బానెట్ మీద చేయి పెట్టింది. అది అదురుతుంటే ఆమె చేయి కూడా అదిరింది. చాలాసేపు తీయలేదు.

ఆమె తమ్ముడు, "అద్భుతంగా ఉంచారండీ," అన్నాడు. "మీరు వాడుకుంటూ ఉండబట్టి ఇంజను ఇట్లా ఉంది."

"వాడుకోలే," అంది అమ్మ. గొంతులో ఏళ్ల నాటి కోపం ఉంది. "మా ఎద్దు సచ్చింది. చెల్క ఎండింది. నా బిడ్డ కంకర కొట్టింది. అయినా ఆయన దాన్ని ముట్టనియ్యలే."

భ్రమరాంబగారు నాయన వైపు తిరిగింది. "అదేంటి అన్నయ్యగారూ? వెళ్లే ముందు రోజు ఆయన మీకు చెప్పి వచ్చానన్నారే. దున్నుకోండి, మీ సొంతంలాగే వాడుకోండి అని చెప్పానన్నారు. చెప్పలేదా?"

"చెప్పిండు," అన్నాడు నాయన.

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కాక ఇంజన్ ఆపేశాడు.

మరునాడు భ్రమరాంబగారు పట్టు పట్టింది. బండి అమ్మేస్తారట గాని, పోయే ముందు మా చెల్క దున్ని పోవాలంది. నాయన వద్దన్నాడు. "మీరు వద్దంటే నేను బండి తీసుకెళ్లను, ఇక్కడే వదిలేసి వెళతాను," అంది ఆమె. నాయన పోయి కొట్టం తలుపు తీశాడు. కాక పొద్దు పొడుపున మొదలుపెట్టి చెల్కంతా దున్నాడు. గట్టిపడిన నేల పెద్ద పెద్ద మట్టిపెడ్డలుగా తిరగబడింది. అమ్మా ఆమే గట్టు మీద కూర్చొని చూశారు. పాత రోజుల్లో లాగే ఒకరి మాట ఒకరికి సగం అర్థమైందో లేదో, మధ్య మధ్య నవ్వు వినిపించింది. నాయన ట్రాక్టర్ వెనక చాలు వెంబడి నడుస్తూ బయటపడిన రాళ్లు ఏరి గట్టుకు వేశాడు. ఆ మర్నాడు బండి పోయింది. కడీలు, తీగలు కూడా లెక్క తప్పకుండా ఉన్నాయని ఆమె తమ్ముడు ఆశ్చర్యపోతూ పోయాడు.

ఆ చెల్క ఇప్పుడు లేదు. దాని మీద ఏ టవర్ ఉందో కూడా నాకు సరిగా గుర్తు పట్టడం రాదు, గుండ్లు పగలగొట్టాక ఆనవాళ్లు పోయాయి. ఇప్పుడు మా సెల్లార్‌లో ఉన్న కార్లు ఎవరివో చాలావరకు నాకు తెలియదు. వాటి మీద గుడ్డలు కప్పి ఉంటాయి, సెక్యూరిటీ అతను ఉంటాడు, కెమెరాలు ఉంటాయి. అప్పుడు మేము మంచివాళ్లం, ఇప్పుడు వీళ్లు చెడ్డవాళ్లు అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అప్పుడు మా ఊళ్లోనూ రేకులు, తాళ్లు మాయమయ్యేవి. నాయన చేసింది ఒప్పో తప్పో ఇన్నేళ్ల తర్వాత కూడా నేను తేల్చుకోలేదు. ఒక ఏడాది చదువు పోయింది, తర్వాత టీచర్‌నై పదవీ విరమణ కూడా చేశాను కాబట్టి నష్టం పూడిందనుకోవచ్చు. కంకర కొడుతున్న రోజున ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు.

బండి పోయిన తర్వాత ఒకరోజు అమ్మా నాయనా కొట్టంలో ఎద్దుకు చోటు సిద్ధం చేస్తున్నారు. నేను గడప మీద కూర్చొని కందులు ఏరుతున్నాను. అప్పుడు అమ్మ, నాతో కాకుండా ఆయనతోనే అంది: "వాడుకొమ్మని ఆయన చెప్పంగ, ఎందుకు వాడలే?"

నాయన నేల చదును చేస్తున్న పార పక్కన పెట్టి కూర్చున్నాడు. "ఒక్కసారి మనం వాడినమంటే ఊరోళ్లకు అది మన బండి అయితది. తెల్లారి తోటల కడీలు ఒకడు పీకుతడు, తీగలు ఒకడు పీకుతడు. నువ్వు ట్రాక్టర్ తోలుకుంటలేవా అని అడుగుతరు. ఏమని ఆపాలె?"

అమ్మ ఆలోచించింది. "అది సరే. నాకు చెప్పొచ్చు గద, ఆయన వాడుకొమ్మన్నడని. నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే, ఎద్దు సచ్చిన్నాడే దున్నమంటవు," అన్నాడు నాయన. "నువ్వు గట్టిగ అంటే నేను కాదనలేను."

అమ్మ చీపురు పట్టుకొని అట్లే నిలబడింది. తర్వాత వంగి మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఆయన కూర్చున్న చోటికి వచ్చేసరికి, "జర జరుగు," అంది. నాయన జరిగాడు. ఆమె అక్కడ ఊడ్చి, చీపురు పక్కన పెట్టి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.